వార్తలతో నిత్యజీవిత గణితం

వార్తనే పాఠంగా పెట్టుకుని రోజువారీ లెక్కలు నేర్పే పద్ధతి ఇది. రిజర్వాయరు నీటిమట్టం, బంగారం ధర, ఎన్నికల ఫలితం, క్రికెట్ స్కోరు, వాన కొలత, రిజర్వు బ్యాంకు ప్రకటన. ఇలా పొద్దున పేపర్లో వచ్చినవాటిలో ఏదో ఒకటి తీసుకుని, అందులోని అంకెల్ని విద్యార్థి చేతే విప్పిస్తారు. బడిపిల్లలకే కాదు, వయోజన విద్యలోనూ, లెక్కలంటే దూరం జరిగే ఆర్ట్స్ విద్యార్థులకూ, జర్నలిజం శిక్షణలోనూ దీన్ని వాడుతున్నారు.

దీనికి కావలసిన గణితం కొద్దిపాటిదే. కూడిక మొదలు శాతాలు, సగటుల దాకా, అంటే హైస్కూలు మొదటి రెండు మూడేళ్లలో చెప్పేదానితో చాలామటుకు గడిచిపోతుంది. కష్టమల్లా ఏ లెక్క చేయాలో కనుక్కోవడంలో ఉంది. పాఠ్యపుస్తకంలోని లెక్క తనకు కావలసిన సంఖ్యలన్నీ వెంటబెట్టుకునే వస్తుంది. ఒకటి ఎక్కువుండదు, ఒకటి తక్కువుండదు. వార్త అలా రాదు. ‘ధరలు 40 శాతం పెరిగాయి’ అంటుంది కానీ ఎప్పటితో పోలిస్తేనో చెప్పదు. ‘ముప్పు రెట్టింపైంది’ అంటుంది కానీ మొదట ఎంతుండేదో చెప్పదు. ఈ కనిపించని హారాన్ని వెతికి పట్టుకోవడమే ఈ బోధనలో అసలు పాఠం. మిగతాదంతా ఎక్కాల పని.

పుట్టుపూర్వోత్తరాలు

బతుకులో ఎదురయ్యే లెక్కలతోనే గణితం చెప్పడం తెలుగువారికి కొత్త కాదు. మహావీరాచార్యుడు 9వ శతాబ్దిలో సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. వడ్డీలు, పంపకాలు, బంగారం మచ్చు, ధాన్యం కొలతలు ఆ సంప్రదాయంలో లెక్కలకు ముడిసరుకు. వీధిబడిలో పిల్లలు అర, పావు, పరక, వీసం అంటూ భిన్నాల్ని నోటికి పట్టేవారు. పరక అంటే 8లో ఒకటి, వీసం అంటే 16లో ఒకటి. ‘వీసమెత్తు’ మాట మిగిలింది గానీ అది 6.25 శాతమని ఇప్పుడు ఎవరూ తలుచుకోరు.

వార్తను ప్రత్యేకించి లెక్కల పాఠంగా వాడడం మాత్రం 20వ శతాబ్ది రెండో సగపు మాట. ఇంగ్లండులో 1959లో వచ్చిన క్రౌథర్ నివేదిక, అక్షరాస్యతకు జంటగా ‘న్యూమరసీ’ అన్న మాటను ప్రవేశపెట్టింది. దాన్ని మనవాళ్లు సంఖ్యాజ్ఞానం అంటున్నారు. 1982 నాటి కాక్‌క్రాఫ్ట్ నివేదిక దాన్ని మరింత నేలకు దించింది. ఇంట్లోనూ పనిలోనూ అంకెలు కనబడితే బెదరకుండా ఉండడం, పట్టికలూ గ్రాఫులూ చదివి అర్థం చేసుకోగలగడం అందులో భాగమని చెప్పింది.

అంతకు ముందే, 1954లో, అమెరికాలో డారెల్ హఫ్ రాసిన ‘హౌ టు లై విత్ స్టాటిస్టిక్స్’ అన్న చిన్న పుస్తకం సంచలనమైంది. ఆయన గణిత శాస్త్రవేత్త కాదు, పత్రికా రచయిత. అడుగు భాగం కత్తిరించిన గ్రాఫులు, ఏ సగటో చెప్పని సగటులు, ఎవరిని అడిగారో చెప్పని సర్వేలు ఆయన చేతిలో బయటపడ్డాయి. ఇందులో ఒక చేదు కూడా ఉంది. అదే హఫ్ తరవాత సిగరెట్ కంపెనీల పక్షం చేరాడు. పొగతాగడానికీ జబ్బులకీ లంకె చూపే గణాంకాల్ని తేలిక చేస్తూ 1965లో అమెరికా కాంగ్రెస్ ముందు సాక్ష్యం చెప్పాడు. అంకెల్ని అనుమానించడం నేర్పితే చాలదు, ఎక్కడ నమ్మాలో కూడా నేర్పాలి అనడానికి ఆయన జీవితమే ఉదాహరణ.

ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయ గణితాచార్యుడు జాన్ అలెన్ పౌలోస్ 1988లో ‘ఇన్న్యూమరసీ’, 1995లో ‘ఎ మాథమెటీషియన్ రీడ్స్ ద న్యూస్‌పేపర్’ రాశాడు. రెండో పుస్తకాన్ని దినపత్రిక పేజీల వరసలోనే, ఒక్కో అధ్యాయానికి ఒక్కో వార్తాశీర్షిక పెట్టి నడిపాడు. డార్ట్‌మత్ కాలేజీలో లారీ స్నెల్, వార్తల్లోని సంభావ్యతనూ గణాంకాలనూ చర్చించే ‘చాన్స్’ అన్న కోర్సును 1990ల మొదట్లో నడిపాడు. ఆస్ట్రేలియాలో టాస్మేనియా విశ్వవిద్యాలయానికి చెందిన జేన్ వాట్సన్ పత్రికల కత్తిరింపులతోనే పిల్లల అవగాహనను కొలిచింది. ఆమె చూపిన మెట్లు మూడు. మొదటిది వార్తలోని గణిత పదం తెలియడం, రెండోది ఆ సందర్భంలో దాని అర్థం పట్టుకోవడం, మూడోది ఆధారం లేకుండా చేసిన వాదనను నిలదీయడం. మన తరగతి గదులు మొదటి మెట్టు దాటి రావడం అరుదు. 2017 నుంచి న్యూయార్క్ టైమ్స్ పత్రిక అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్‌తో కలిసి, తాను అచ్చువేసిన గ్రాఫుల్నే విద్యార్థుల ముందు పెట్టి ‘ఇందులో ఏం జరుగుతోంది?’ అని అడుగుతోంది.

వీధిలో లెక్క, బళ్లో లెక్క

ఈ పద్ధతికి బలమైన ఆధారం బ్రెజిల్ నుంచి వచ్చింది. రెసిఫె నగరంలో వీధుల్లో కొబ్బరికాయలూ పళ్లూ అమ్మే పిల్లలు ఐదుగురిని టెరెజిన్యా నూనెస్, డేవిడ్ క్యారహర్, అనలూసియా ష్లీమన్ పరిశీలించి 1985లో ఫలితాలు ప్రచురించారు. బేరం మధ్యలో అడిగినప్పుడు ఆ పిల్లలు 98.2 శాతం లెక్కలు సరిగ్గా చెప్పారు. అవే లెక్కల్ని కాగితం మీద మాటల లెక్కలుగా ఇస్తే 73.7 శాతం, ఉత్త అంకెలుగా ఇస్తే 36.8 శాతం. కాయ 35 క్రుజెయిరోలైతే పదింటికెంత అని అడిగితే, బళ్లో చెప్పినట్టు పక్కన సున్నా చేర్చలేదు ఆ కుర్రవాడు. మూడు కాయలు 105, ఇంకో మూడు కలిపితే 210 అంటూ గుత్తులుగా పేర్చుకుంటూ 350కి చేరాడు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోల బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద చేసిన అధ్యయనం 2025లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. అక్కడా అదే తీరు. కొట్లో తడుముకోని పిల్లలు బడి లెక్కకు తడబడ్డారు. బళ్లో చదివే పిల్లలు బజారు లెక్కకు తడబడ్డారు.

విద్యారంగంలో పనిచేసే ప్రథమ్ సంస్థ ‘అసర్’ అనే తన విద్యా సర్వే 2023 నివేదిక కోసం దేశంలోని 28 జిల్లాల్లో 14–18 ఏళ్ల గ్రామీణ యువతను ఇలాంటి పనులే చేయమని అడిగింది. వస్తువును స్కేలు మీద సున్నా దగ్గర పెట్టి కొలవమంటే దాదాపు 85 శాతం మంది కొలిచారు. అదే వస్తువును స్కేలు మధ్యకు జరిపితే 39 శాతమే కొలవగలిగారు. తీసివేత వచ్చినవాళ్లలో బడ్జెట్ చూసుకోగలిగినవారు 60 శాతం పైన, డిస్కౌంటు లెక్క కట్టగలిగినవారు 37 శాతం, అప్పు తిరిగి కట్టాల్సిన మొత్తం చెప్పగలిగినవారు పదోవంతు. వస్తువు సున్నా దగ్గర లేకపోయేసరికి తడబడిన ఆ చేతి వెనకాలే, వార్తలోని శాతం దేని మీదో అడగని కన్ను ఉంది. రెండూ ఒకటే లోపం. మొదలెక్కడో చూసుకోకపోవడం.

నీళ్ల లెక్క

తెలుగు పత్రికలు చదివేవాడికి ఇంతకంటే మంచి పాఠం లేదు. వానాకాలం వచ్చిందంటే కృష్ణా, గోదావరి ప్రాజెక్టుల పట్టిక రోజూ అచ్చవుతుంది. పూర్తి మట్టం, ప్రస్తుత మట్టం, నిల్వ, ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో అందులో ఉంటాయి. నిల్వ టీఎంసీల్లో, ప్రవాహం క్యూసెక్కుల్లో. ఊళ్లో రచ్చబండ మీద కూర్చున్న రైతు ఈ రెండు మాటల్నీ టీ గుక్కతో పాటు మింగేస్తాడు. వాటి మధ్య చుట్టరికం మాత్రం బళ్లో ఎవరూ చెప్పరు.

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. రోజుకు 86,400 సెకన్లు. వంద కోట్లను 86,400తో భాగిస్తే దాదాపు 11,574 వస్తుంది. అంటే 11,574 క్యూసెక్కులు ఒక పూర్తి రోజు పారితే ఒక టీఎంసీ. ఈ ఒక్క సంఖ్య చేతిలో ఉంటే పట్టికంతా కదులుతుంది. ఇన్‌ఫ్లో 50 వేలు, అవుట్‌ఫ్లో 27 వేలు అనుకుందాం. మిగిలేది 23 వేలు. రోజుకు 2 టీఎంసీలు చేరుతున్నట్టు. ఇంకా 40 టీఎంసీలు ఖాళీ ఉంటే, ప్రవాహం ఇలాగే సాగితే, ఇరవై రోజులకు నిండుతుంది. ‘సాగితే’ అన్న మాటను పిల్లల చేత కింద గీత గీయించాలి.

టీఎంసీ ఎంత పెద్దదో కూడా చూపవచ్చు. ఎకరం 43,560 చదరపుటడుగులు. ఒక టీఎంసీ నీటిని అడుగు లోతున పరిస్తే దాదాపు 22,957 ఎకరాల మీద నిలుస్తుంది. లీటర్లలో చెప్పాలంటే 2,831 కోట్ల పైమాటే.

ఇక అసలు మెలిక మట్టంలో ఉంది. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, నిల్వ 215.81 టీఎంసీలు. మట్టం 854 అడుగులకు దిగిందని వార్త వస్తే ఏడో తరగతి పిల్లవాడు 854ను 885తో భాగించి, ఇంకా 96 శాతం నీళ్లున్నాయని సంబరపడతాడు. నిజానికి అప్పుడు జలాశయంలో సగం కూడా ఉండదు. కారణాలు రెండు. అడుగుల్ని లెక్కపెట్టేది జలాశయం అడుగు నుంచి కాదు, సముద్ర మట్టం నుంచి. పైగా జలాశయం బావిలా నిటారుగా ఉండదు, మూకుడులా పైకి పోయేకొద్దీ విచ్చుకుంటుంది. పై అడుగులో పట్టే నీళ్లు కింది అడుగులో పట్టవు. 854 అడుగుల దగ్గర రెండు తెలుగు రాష్ట్రాల మధ్య ఏళ్ల తరబడి నడిచే తగవులో ఈ రేఖాగణితానికీ పాలుంది. స్కేలు సున్నా దగ్గర లేని కథే ఇదీ, కాకపోతే ఇక్కడ స్కేలు నల్లమల కొండల మధ్య ఉంది.

2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ మునిగినప్పుడు ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. అదే వేగంతో ఒక రోజంతా పారి ఉంటే దాదాపు 99 టీఎంసీలు. అంటే శ్రీశైలం జలాశయం రెండు రోజుల పైచిలుకులో నిండేటంత. అది పతాక స్థాయి మాత్రమే, రోజు పొడుగునా అంత రాలేదు. గరిష్ఠానికీ సగటుకీ తేడా చెప్పడానికి ఇంతకంటే గుర్తుండే ఉదాహరణ వెతికినా దొరకదు.

వాన లెక్క దీనికి చెల్లెలు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. వాతావరణ శాఖ 64.5 మి.మీ. నుంచి భారీ వర్షమనీ, 115.6 నుంచి అతిభారీ అనీ, 204.4 దాటితే అత్యంత భారీ అనీ అంటుంది. హైదరాబాదులో 200 గజాల స్థలం దాదాపు 167 చదరపు మీటర్లు. దాని మీద 10 సెంటీమీటర్ల వాన పడిందంటే 16,700 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడింటికి మించిన నీళ్లు. వేసవిలో ట్యాంకరు కోసం ఫోన్ చేసే ఇంటి పిల్లలకు ఈ లెక్క వేరే చెప్పనక్కర్లేదు.

శాతం దేని మీద?

వార్తల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేదీ, ఎక్కువగా బోల్తా కొట్టించేదీ శాతమే. 2023 వేసవి చివర టమాటా కిలో వంద దాటింది. 20 రూపాయల టమాటా 100 అయితే పెరుగుదల 400 శాతం. మళ్లీ 20కి దిగితే తగ్గుదల 80 శాతమే. ఎక్కేటప్పుడు హారం 20, దిగేటప్పుడు హారం 100. పిల్లలు మొదట ఒప్పుకోరు. బోర్డు మీద రెండు గీతలు గీసి చూపాక, కొందరు అప్పుడూ ఒప్పుకోరు.

ద్రవ్యోల్బణం తగ్గిందన్న వార్త మరో ఉచ్చు. ధరలు తగ్గాయని దానికి అర్థం కాదు, పెరిగే వేగం తగ్గిందని. బండి 80 వేగం నుంచి 50కి దిగినా ముందుకే పోతోంది కదా.

శాతానికీ శాతం పాయింటుకీ తేడా తెలుగు పత్రికల్లో తరచూ కలిసిపోతుంది. 2025 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని) 6.50 నుంచి 6.25 శాతానికి తగ్గించింది. తగ్గింది పావు శాతం పాయింటు. పాత రేటుతో పోలిస్తే 3.85 శాతం. గృహరుణం కట్టేవాడికి కావలసింది ఈ రెండూ కావు, నెలవాయిదా ఎంత తగ్గుతుందన్నదే. 20 ఏళ్ల గడువుకు తీసుకున్న 30 లక్షల అప్పు మీద వడ్డీ 9 నుంచి 8.75కు దిగితే నెలవాయిదా 26,992 నుంచి 26,511కు వస్తుంది. నెలకు 481 రూపాయలు. శీర్షికలో ‘భారీ ఊరట’ అని ఉంటే, ఈ 481 పక్కన పెట్టి చదివించాలి.

హారం మాయమైతే ఎంత కీడు జరుగుతుందో బ్రిటన్‌లో 1995లో తేలింది. కొత్త తరం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపవుతుందని అధికారులు హెచ్చరించారు. పత్రికలు దాన్ని నూరు శాతమని రాశాయి. అసలు సంగతి, పాత మాత్రలతో 7,000 మందిలో ఒకరికి వచ్చేది కొత్తవాటితో ఇద్దరికి వస్తుందని. భయపడి మాత్రలు మానేసినవారి వల్ల మరుసటి ఏడాది ఇంగ్లండు, వేల్సులలో గర్భస్రావాలు 13 వేల దాకా పెరిగాయని జర్మన్ మనోవైజ్ఞానికుడు గెర్డ్ గిగరెంజర్ తన రచనల్లో చెబుతాడు. ఆయన సూచించే విరుగుడు చిన్నది. శాతం బదులు ‘ఇంతమందిలో ఇందరు’ అని చెప్పమంటాడు. మన పల్లెల్లో ‘పదిమందిలో ఇద్దరు’ అనే అలవాటు ఇంకా పోలేదు గనక, తెలుగు తరగతిలో ఇది తేలిగ్గా అతుకుతుంది.

ప్రకటనలు వార్తలు కావు గానీ పాఠానికి పనికొస్తాయి. ఆషాఢమాసంలో నిండు పేజీ ప్రకటనల్లో ‘50% + 20%’ అని కనబడితే 70 అనుకునేవారే ఎక్కువ. వెయ్యి రూపాయల చీర ముందు 500, ఆ పైన 400. తగ్గింది 60 శాతం. ‘రెండు కొంటే ఒకటి ఉచితం’ అంటే మూడోవంతు తగ్గింపు, అదీ మూడూ అవసరమైతేనే.

వడ్డీ, బంగారం

తెలుగునాట అప్పు భాషే వేరు. బ్యాంకు 12 శాతమంటే ఏడాదికి. ఊళ్లో ‘రూపాయి వడ్డీ’ అంటే నూటికి నెలకు రూపాయి. రెండూ ఒకటేనని చాలామంది ఎరగరు. రెండు రూపాయల వడ్డీ ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలైతే 36. ఇది బారువడ్డీ లెక్క. ఏటేటా అసలులో కలిపితే చక్రవడ్డీ. మూడు రూపాయల వడ్డీ చక్రవడ్డీగా పెరిగితే రెండున్నరేళ్లు తిరక్కుండానే అప్పు రెట్టింపవుతుంది.

లోన్ యాప్‌ల ఆగడాల మీద వార్తలు వచ్చినప్పుడు ఈ పాఠం మరీ అవసరం. ఉదాహరణకు 5,000 అప్పు అంటారు. ఫీజుల కింద 1,500 పట్టుకుని 3,500 చేతిలో పెడతారు. ఏడు రోజుల్లో 5,000 కట్టమంటారు. ‘5,000 మీద 1,500, అంటే 30 శాతం’ అని విద్యార్థి ఆగిపోతే సగం తప్పు. చేతికందింది 3,500. దాని మీద 1,500 అంటే వారానికి దాదాపు 43 శాతం. ఏడాదికి 52 వారాలు. బారువడ్డీగా చూసినా 2,200 శాతం దాటింది. ఇక్కడ హారాన్ని మార్చింది అప్పిచ్చినవాడే.

బంగారం ధర పేజీ మూలన రోజూ ఉంటుంది. 24 క్యారట్లు, 22 క్యారట్లు, పది గ్రాములకు. 22ని 24తో భాగిస్తే 0.9167. నగ మీద ముద్రవేసే 916 అదే. 22 క్యారట్ల గ్రాము 9,000 అనుకుంటే పది గ్రాముల గొలుసు 90,000. తరుగు 12 శాతం కలిపితే 1,00,800. దాని మీద జీఎస్టీ 3 శాతం, అంటే 3,024. మొత్తం 1,03,824. రాళ్లుంటే వాటి బరువు తీసేశారా లేదా అన్నది అంకెల్లో కనబడని ప్రశ్న. పెళ్లి కుదిరిన ఇంట్లో ఈ పాఠానికి శ్రోతలు తరగతిలో కంటే ఎక్కువ.

ఓట్లు, సీట్లు, సర్వేలు

ఎన్నికల ఫలితాలు నిష్పత్తి పాఠానికి పుట్టినిల్లు. 2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల్లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 49.95 శాతం ఓట్లు, 175లో 151 సీట్లు వచ్చాయి. తెలుగుదేశానికి 39.17 శాతం ఓట్లు, 23 సీట్లు. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 39.37 శాతం ఓట్లు వస్తే దక్కినవి 11 సీట్లు. ఓడిన పక్షాల ఓట్ల శాతం రెండుసార్లూ దాదాపు ఒకటే, సీట్లు సగానికి సగం తేడా. ఎదుటి పక్షాలు పొత్తు పెట్టుకోవడం ఎంత మార్చిందో పిల్లలే కనుక్కుంటారు. 2023లో తెలంగాణలో కాంగ్రెస్‌కు 39.40 శాతంతో 64, భారత రాష్ట్ర సమితికి 37.35 శాతంతో 39 సీట్లు వచ్చాయి. రెండు పాయింట్ల తేడాకు 25 సీట్లు. ఏ పక్షమూ నచ్చని టీచరు చెప్పినా, ఏ పక్షమైనా నచ్చే విద్యార్థి విన్నా, లెక్క మారదు.

ఎగ్జిట్ పోల్స్ దగ్గర నమూనా పాఠం వస్తుంది. వెయ్యిమందిని లాటరీ తీసినట్టు ఎంచి అడిగితే ఫలితం అటూ ఇటూ 3 పాయింట్ల దాకా తప్పవచ్చు. ఆ తప్పును సగానికి తగ్గించాలంటే రెండు వేలు చాలవు, నాలుగు వేల మంది కావాలి. అదైనా ఎంపిక సక్రమంగా ఉంటేనే. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఎన్డీయేకు 350 దాటుతాయని చాలా సర్వేలు చెప్పాయి, వచ్చినవి 293.

జనం, పద్దు, ఆట

‘లక్షలాదిగా తరలివచ్చిన జనం’ అన్న మాటను కొలవవచ్చు. అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయంలో జర్నలిజం చెప్పిన హెర్బర్ట్ జేకబ్స్ 1960లలో దీనికి దారి చూపాడు. కిటికీలోంచి కనబడే మైదానపు పలకల గడులు లెక్కపెట్టి, ఒక్కో గడిలో ఎందరున్నారో చూసి గుణించాడు. మన తరగతిలో నేల మీద ఒక చదరపు మీటరు సుద్దతో గీసి, పిల్లల్ని నిలబడమంటే నలుగురు నిలబడేసరికి మోచేతులు తగులుతాయి. 200 మీటర్ల పొడుగు, 150 మీటర్ల వెడల్పున్న మైదానంలో, వేదికా, దారులూ లేవనుకున్నా, కిక్కిరిస్తే లక్షా ఇరవై వేలు. అదే సభకు పది లక్షలమంది వచ్చారని ఒక పేపరు, యాభై వేలని మరో పేపరు రాస్తే, రెంటినీ పక్కపక్కన అంటించి గోడకు పెట్టాలి.

బడ్జెట్ రోజున పత్రికలు ‘రూపాయి రాక, రూపాయి పోక’ అని చక్రం వేస్తాయి. ముందుగా పైసలన్నీ కూడితే వంద వస్తుందో లేదో చూడమనడం మంచి ఆరంభం. తరవాత తలకు పంచి చూడాలి. తెలంగాణ 2025–26 బడ్జెట్ 3,04,965 కోట్లు. 2011 జనాభా లెక్కల్లో రాష్ట్ర జనం మూడున్నర కోట్లు. ఆ జనాభాతో తలకు ఏడాదికి దాదాపు 87,000, రోజుకు 239 రూపాయలు. జనాభా ఇప్పుడు పెరిగింది గనక తలకు దక్కేది ఇంకా తక్కువ. లక్షల కోట్లంటే కళ్లు తేలేసినవాడికి రోజుకు 239 చేతికి అందుతుంది. తలసరి ఆదాయం వార్త వచ్చినప్పుడు మాత్రం ఇదే భాగహారాన్ని జాగ్రత్తగా వాడాలి. సగటు అందరి జేబులోనూ ఉన్నది కాదు. ఊరి జమీందారునూ తొమ్మిదిమంది కూలీలనూ కలిపి సగటు తీస్తే పదిమందీ ఉన్నవాళ్లే అవుతారు.

ఆటల పేజీ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అది పిల్లలకే బాగా తెలుసు. 47.4 ఓవర్లంటే 47.4 కాదు, 47 ఓవర్ల 4 బంతులు, అంటే 47.67. ఇది తెలియకుండా కాల్‌క్యులేటర్‌లో రన్‌రేటు కడితే తప్పుతుంది. బ్రాడ్‌మన్ సగటు 99.94 ఎందుకని అడిగితే, 6,996 పరుగుల్ని 80 ఇన్నింగ్స్‌తో కాక, ఔటైన 70 సార్లతో భాగించారని తేలుతుంది. ఇక్కడా ప్రశ్న హారమే.

తరగతి గదిలో

పాఠం నడిపే తీరు సాదాగా ఉంటుంది. టీచరు ఒక కత్తిరింపు తెస్తారు, లేదా పిల్లల్ని తెమ్మంటారు. ముందు శీర్షిక మాత్రమే చదివి ఏమనిపించిందో రాయిస్తారు. తరవాత వార్త మొత్తం చదివించి, ఇచ్చిన అంకెల్ని ఒక పక్క, కావలసినా ఇవ్వని అంకెల్ని మరో పక్క రాయిస్తారు. ఈ రెండో వరసే విలువైనది. అక్కడ ఖాళీ ఉంటే పిల్లలు ఇంట్లో అమ్మానాన్నల్ని, ఊళ్లో కొట్టువాళ్లను అడిగి వస్తారు. ఆఖరున అదే వార్తకు సరైన శీర్షిక పెట్టమంటారు. ‘రెట్టింపైన ముప్పు’ అన్నదాన్ని ‘ఏడు వేలలో ఒకరి బదులు ఇద్దరికి’ అని మార్చిన పిల్లవాడు ఆ పాఠం దాటేసినట్టే.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పిల్లల ఆలోచననే గణితమయం చేయాలంది. ఆ తరవాత ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన ‘మ్యాథ్ మ్యాజిక్’ పుస్తకాల్లో, నాలుగో తరగతిలో పాత సామాన్ల కొట్టు నడిపే ఒక మహిళ కథలోనే తూకాలూ అప్పు లెక్కలూ వచ్చాయి. 2020 జాతీయ విద్యావిధానం, 2021లో మొదలైన నిపుణ్ భారత్, 2022లో తెలంగాణ చేపట్టిన తొలిమెట్టు కార్యక్రమం చదవడం, రాయడంతో పాటు చిన్న తరగతుల లెక్కల్నీ పట్టించుకున్నాయి. పై తరగతులకు వచ్చేసరికి పరీక్ష ముంచుకొస్తుంది. పదో తరగతి ప్రశ్నపత్రంలో శ్రీశైలం రాదు గనక, శ్రీశైలం తరగతిలోకీ రాదు.

చిక్కులు

వార్త త్వరగా పాతబడుతుంది. నిన్నటి టమాటా ధరతో నేడు పాఠం నడవదు. కాబట్టి టీచరుకు ప్రతి వారం కొత్త పని. అంకెలు లేని వార్తను లెక్క కోసం లాగిపీకడం మరో జబ్బు. ప్రమాదంలో చనిపోయినవారి సంఖ్యతో శాతాలు కట్టించడం, ఆ ఊరి పిల్లలే తరగతిలో ఉన్నప్పుడు, క్రూరంగా ఉంటుంది. రాజకీయ వార్తలైతే తల్లిదండ్రులు బడికి రావడానికి ఎంతోసేపు పట్టదు. అమెరికాలో మేరిలిన్ ఫ్రాంకెన్‌స్టైన్, ఎరిక్ గట్‌స్టైన్ వంటివారు బ్రెజిల్ విద్యావేత్త ఫ్రేరీ బాటలో, లెక్కలు నేర్పేదే అన్యాయాన్ని ప్రశ్నించడానికని వాదించారు. నాకు వారి ఉద్దేశం నచ్చుతుంది గానీ, లెక్క పూర్తి కాకముందే తీర్పు రాసే అలవాటు పిల్లలకు పట్టుకుంటే రెండూ చెడతాయి. డారెల్ హఫ్ గుర్తుకొస్తాడు. అన్ని అంకెలూ అబద్ధాలేనని తేల్చేసినవాడు వాతావరణ హెచ్చరికనూ టీకా వివరాలనూ కూడా కొట్టిపారేస్తాడు.

ఇంకో చిక్కు భాషది. అంతర్జాతీయ వార్తలు మిలియన్లు, బిలియన్లలో వస్తాయి. డెస్కులో కూర్చున్నవారు రాత్రి పదింటికి వాటిని లక్షలు, కోట్లలోకి మార్చాలి. మిలియన్ పది లక్షలు, బిలియన్ వంద కోట్లు, ట్రిలియన్ లక్ష కోట్లు. ఒక సున్నా జారితే అప్పు పదో వంతవుతుంది, లేదా పదింతలవుతుంది. జర్నలిజం శిక్షణలో ఈ మార్పిడిని రోజూ చేయించేది ఇందుకే. బడిలో దీన్ని ఆటగా ఆడిస్తారు. వారం రోజుల పేపర్లు ముందు పెట్టుకుని సున్నా తప్పిన చోట ఎర్ర సిరాతో చుట్టాలి, ఎక్కువ చుట్టినవారు గెలిచినట్టు. ముందుగా లక్ష కోట్లను అంకెల్లో బోర్డు మీద రాయమంటారు. ఒకటి పక్కన పన్నెండు సున్నాలు. మొదటిసారి రాసేటప్పుడు చాలామంది పదకొండు దగ్గరో పదమూడు దగ్గరో ఆగి, వెనక్కి తిరిగి మళ్లీ లెక్కపెట్టుకుంటారు.